బేగం తలకిందులైన సాయంత్రం

ఆ రోజుల్లో నా దగ్గర దుర్భీను ఉండేది, ఆకాశమే ఉండేది కాదు. ఈ మాట అంటే ఇప్పటివాళ్లు నవ్వుతారు, ఆకాశం అందరికీ ఉంటుంది కదా అంటారు. అలా అనేవాళ్లు లాల్‌దర్వాజాలో కింది వాటాలో అద్దెకు ఉండి ఎరగరు. మా గుమ్మంలో నిలబడి తలెత్తితే ముందు కరెంటు తీగలు, వాటి పైన కేబుల్ తీగలు, వాటి పైన ఎవరిదో ఆరేసిన లుంగీ కనిపించేవి. ఆ లుంగీ అంచుకూ ఎదురింటి సజ్జాకూ మధ్య బెత్తెడు జాగా మిగిలి ఉండేది చూశారూ, అదే భగవంతుడు నాకు కేటాయించిన విశ్వం. చంద్రుడంతటివాడు కూడా నెలకోసారి ఆ సందులోకి తొంగిచూసి, ఇరుకు గమనించి, తొందర పనేదో గుర్తొచ్చినట్టు వెళ్లిపోయేవాడు.

నేనప్పుడు చార్మినార్ దగ్గర ఒక కళ్లద్దాల దుకాణంలో కొత్తగా పనికి కుదిరాను. జనానికి గోడ మీది అక్షరాలు చూపించి, కళ్ల ముందు అద్దాలు మార్చి, ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా అని అడగడం నా ఉద్యోగం. (చాలామంది "రెండూ మంచిగనే ఉన్నయ్" అనేవారు. మర్యాద గల బస్తీ.) పొద్దస్తమానం అద్దాల మధ్య బతికేవాడికి ఏదో ఒక పిచ్చి పట్టడం సహజం. మా దుకాణంలో పెద్దాయనకు తుడిచే పిచ్చి ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎదుటివాడి ముక్కు మీది కళ్లజోడు తీసి తుడిచేసేవాడు. నాకేమో దూరం చూసే పిచ్చి పట్టింది. పాత సామాన్లమ్మే చోట, ఒక కుట్టుమిషనుకూ తిరగని కూలరుకూ మధ్య నిలబెట్టి ఉన్న పొడుగాటి తెల్లగొట్టాన్ని చూసి దుర్భీను అని గుర్తుపట్టాను. అమ్మేవాడు దాన్ని పొగగొట్టం అనుకుంటున్నాడు. ఎవరి అభిప్రాయం వాళ్ల దగ్గరే ఉంచుకుని బేరం కుదుర్చుకున్నాం.

కొన్నాక తెలిసిందేమిటంటే, అందులోంచి కనిపించే ఆకాశం గోళీకాయంత. దాంతో శనిగ్రహాన్ని పట్టుకోవడమంటే రంజాన్ బజారులో తప్పిపోయిన మేనత్తను కూల్‌డ్రింకు స్ట్రాలోంచి వెతకడమే. అందుకే దుర్భీను నడుం మీద, గురి చూసుకోవడానికి, ఇంకో బుల్లి దుర్భీను ఉంటుంది. నాదానికి అది ఎప్పుడో ఊడిపోయి రెండు బెజ్జాలు మాత్రం మిగిలాయి. అక్కడ నేను పచ్చ లేజరు పెట్టించాను. చూడ్డానికి పెన్నులా ఉంటుంది. మీట నొక్కితే చీకట్లో పచ్చదారంలాంటి గీత ఒకటి తిన్నగా చుక్కల దాకా వెళ్లినట్టు కనిపిస్తుంది. దాని కొసను కావలసిన చుక్క మీద పెడితే, ఆ చుక్క దుర్భీనులో సిద్ధంగా ఉంటుంది. మెడ విరుచుకోనక్కర్లేదు, నేల మీద పడుకోనక్కర్లేదు. పైగా గాలిలో దుమ్మూ పొగా ఎంత ఎక్కువుంటే గీత అంత బాగా కనిపిస్తుంది; ఈ ఒక్క విషయంలో మా పాతబస్తీ ముందు పెద్ద పెద్ద కొండల మీది అబ్జర్వేటరీలు కూడా దిగదుడుపే. (విమానాల వైపు మాత్రం పొరపాటున కూడా వేయకూడదు. పైలట్ కళ్లు చెదురుతాయి, తర్వాత పోలీసులు వస్తారు. అందుకని మీట నొక్కేముందు నేను రోడ్డు దాటేవాడిలా అటూ ఇటూ చూసేవాణ్ణి.) లాడ్ బజార్‌లో గాజులు చేసే ఒక స్నేహితుడు కరిగించిన లక్కతో ఆ లేజరును గొట్టానికి అంటించి పెట్టాడు. ఎండాకాలం లక్క మెత్తబడి లేజరు కాస్త తల వాల్చేది. అందువల్ల రోజూ సాయంత్రం చీకటి పడకముందే దూరంగా ఉన్న సెల్ టవరు మీద గురిపెట్టి, లేజరూ దుర్భీనూ ఒకేచోటికి చూస్తున్నాయో లేదో సరిచూసుకోవాల్సి వచ్చేది.

సరంజామా అంతా కుదిరింది, ఆకాశం ఒక్కటే తక్కువ. అది కబూతర్ మామూ దగ్గర ఉండేది. మా గల్లీ మొత్తానికి ఎత్తయిన డాబా ఆయనదే. బట్టల దుకాణం కొడుకులకు వదిలేసి, తాను డాబా మీద పావురాలతో కాపురం పెట్టిన పెద్దమనిషి. డాబా మీద కాస్త చోటిమ్మని అడగడానికి వెళితే, ఎగాదిగా చూసి, చుక్కలు చూస్తే ఏం లాభమని అడిగాడు. ఏమీ లేదన్నాను. ఆ జవాబు ఆయనకు బాగా నచ్చింది. జనంలో సొంత ఊరివాడు కనిపించినట్టు మొహం విప్పారింది.

"చత్ నీదే అనుకో బేటా. గానీ నా పిట్టలు పండుకున్నంక. ముందు వాళ్లు, తర్వాత నీ చుక్కలు."

అలా నేను రోజూ సాయంత్రం ఆయన డాబా ఎక్కి, పావురాలు పడుకునేదాకా పెళ్లివారింట్లో భోజనం పిలుపు కోసం కూర్చున్నవాడిలా ఓ మూల కూర్చునేవాణ్ణి. కూర్చుని కూర్చుని ఆ విద్యలో ఓనమాలు నాకూ వంటబట్టాయి. మామూ చేతిలో పొడుగాటి వెదురుకర్ర, దాని కొసన నల్లగుడ్డ ఉంటుంది. దాన్ని ఝండా అంటారు. అది ఊపితే పిట్టలకు "ఎగురు, దిగావంటే ఊరుకోను" అని అర్థం. గింజల డబ్బా గలగలలాడిస్తే "ఇక దిగి అన్నం తిను" అని అర్థం. వెలుగు తగ్గాక ఝండా ముట్టుకోవడం ఆ విద్యలో అప్రాచ్యపు పని, ఎందుకంటే చీకట్లో ఎగిరిన పావురం దారి తప్పుతుంది. ఇక అన్నిటికన్నా పెద్ద చట్టం: దారి తప్పి ఎవరి డాబా మీద వాలితే, పట్టుకున్నవాడిదే పిట్ట. అడగడానికి లేదు, ఏడవడానికి లేదు. నాలుగు డాబాల అవతల గిన్నెల సేఠ్ అని పావురాలు ఎగరేసే ఇంకో కబూతర్‌బాజ్ ఉండేవాడు. స్టీలు సామాన్ల హోల్‌సేల్ ఆయన. మామూ, ఆయన కలిసి రోజూ పొద్దున ఒకే చాయ్‌ని రెండు కప్పుల్లో పోయించుకుని తాగేవారు, సాయంత్రం ఒకరి పిట్టల్ని ఒకరు పట్టడానికి డాబాలెక్కేవారు. ఈ రెండింటికీ మధ్య వాళ్లకు ఏ ఇబ్బందీ కనిపించేది కాదు.

మామూ పావురాల్లో బేగం వేరు. ఒళ్లంతా తెలుపు, మెడ మీద మాత్రం పాన్ ఉమ్మినట్టు ఎర్రమచ్చ, కాలికి చిన్న వెండి మువ్వ. మిగతావన్నీ డబ్బా చప్పుడుకు దిగేవి. బేగం మాత్రం అవన్నీ దిగి, తిని, నీళ్లు తాగాక, ఇక తనకు తీరిక అయినట్టు నెమ్మదిగా దిగేది. మామూ ఇంట్లో ఎవరి మాటా వినడని పేరు. బేగం దిగేదాకా మాత్రం ఎవరితోనూ మాట్లాడడు, నీళ్లు కూడా ముట్టడు.

ఓ సాయంత్రం బేగం దిగలేదు. పొద్దు గుంకి మగ్రిబ్ అజాన్ అయిపోయింది, మిగతా పిట్టలు గూట్లో సర్దుకున్నాయి, మామూ డబ్బా గలగలలాడించీ ఆడించీ గింజలు పిండి అయ్యేలా ఉన్నాయి. ఆకాశం బూడిదరంగులోకి తిరిగింది. నేను ఎప్పటిలాగే టవరు మీద గురి చూసుకుంటున్నాను. లేజరు చుక్కను టవరు ఇనుప కమ్మీ మీద పెట్టి, మీట ఆపి, కన్ను పెడితే, కమ్మీ పక్కన తెల్లగా ఏదో కూర్చుని ఉంది. మెడ మీద ఎర్రమచ్చ. ఉద్యోగ ధర్మంగా రెండోసారి కూడా చూసి ఖాయపరచుకుని మామూను పిలిచాను. ఆ క్షణంలో నేను ఎంత గర్వపడ్డానో చెబితే బాగుండదు. చుక్కల కోసం కొన్న దుర్భీను మనిషికి పనికొచ్చిన మొదటిరోజు అది.

మామూ పరుగున వచ్చి కన్ను పెట్టాడు. పెట్టి, కొయ్యబారిపోయాడు.

"యా అల్లా. ఉల్టా వేలాడుతున్నది. మాంజా చుట్టుకున్నట్టుంది దీనికి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నా దుర్భీనులాంటి వాటిలో అద్దాల అమరిక వల్ల ప్రతిదీ తలకిందులుగా కనిపిస్తుంది. చుక్కల విషయంలో ఎవరికీ పట్టింపు లేదు, చుక్కకు తల ఎటో కాళ్లు ఎటో ఎవరు చూడొచ్చారు. పావురానికి మాత్రం ఉంటాయి. పైగా ఆ టవరు నిండా సంక్రాంతినాటి తెగిన గాలిపటాల మాంజా వేలాడుతూ ఉంటుంది, దానికి చిక్కి పిట్టలు చావడం మామూ కళ్లారా చూశాడు. నేను శాంతంగా, దుకాణంలో ముసలివాళ్లకు చెప్పే గొంతుతో, అందులో అన్నీ ఉల్టానే కనిపిస్తాయనీ, కావాలంటే చూడు, టవరు కూడా ఉల్టానే ఉందనీ చెప్పాను.

"టవర్ సంగతి టవరోళ్లు చూసుకుంటరు," అన్నాడు మామూ.

అని, వెదురుకర్ర అందుకున్నాడు. పిట్ట గట్టిగా రెక్కలు కొడితే మాంజా తెగుతుందని ఆయన లెక్క. డాబా అంచున నిలబడి, మసక చీకట్లో, గొంతు చించుకుంటూ, నల్ల ఝండాను ఎడాపెడా ఊపాడు. అక్కడ టవరు మీద బేగం, ఏ మాంజా లేకుండా, రెండు కాళ్ల మీద నిటారుగా, దిగుదామా వద్దా అని ఆలోచిస్తూ కూర్చుని ఉంది. ఇక్కడ చూస్తే యజమాని ప్రాణం పోయేలా ఎగురు ఎగురు అంటున్నాడు. పాపం అది పుట్టినప్పటి నుంచీ ఆ ఝండాకు ఎదురు చెప్పింది కాదు. లేచింది. రెండు చుట్లు తిరిగింది. మా డాబా వైపు వచ్చింది, ఇంకా ఊగుతున్న నల్లగుడ్డను చూసి, ఇక్కడ తనకు చోటు లేదని అర్థం చేసుకుని, నాలుగు డాబాల అవతల ట్యూబులైటు వెలుగుతున్న చోట వాలింది. కాసేపటికి గిన్నెల సేఠ్ ఈల వినిపించింది. పిట్టను పట్టినవాడు వేసే పొడుగాటి ఈల.

మామూ కర్ర వదిలేసి నేల మీద కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. లోకంలో ఏ ఘోరం జరిగినా దానికి కారణం పక్కనే నిలబడి ఉంటాడు కాబట్టి వెతుక్కోనక్కర్లేదు.

"నీ హరా లైట్‌తోని బెదిరింది."

"మామూ, ఆ పచ్చ లైట్ నేను అప్పుడే బంద్ చేసిన. నువ్వు చూడకముందే."

"నా పిట్ట నాకొచ్చిన దినం నీ దుర్బీన్ తీస్కపో."

ఆ విధంగా నా దుర్భీను, లేజరుతో సహా, పావురాల గూటి పక్క గదిలోకి వెళ్లింది, తలుపుకు తాళం పడింది. మనుషుల్ని బంధించిన కథలు విన్నాను గానీ, పిట్ట కోసం గొట్టాన్ని బంధించడం అదే మొదలు. ఇంటికొచ్చి చెబితే అమ్మ సానుభూతి చూపిస్తుందనుకున్నాను. "మంచిగైంది, ఇగ వేళకు ఇంట్ల బువ్వ తింటవ్," అంది.

మర్నాడు గిన్నెల సేఠ్ దుకాణానికి వెళ్లాను. ఆయన నన్ను చూసి పెళ్లికొడుకు బావమరిదిని చూసినట్టు లేచి వచ్చాడు. స్టూలు తుడిపించాడు, లస్సీ తెప్పించాడు. నేను ఏదో మంత్రదీపంతో మామూ పిట్టను ఆయన డాబాకు తోలానని అప్పటికే బజారంతా అనుకుంటోందట. అలాంటిదేమీ లేదు, దయచేసి బేగంను వదిలేయండి అన్నాను. ఆయన లస్సీ గ్లాసు నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు.

"పిట్టను అడుగకు తమ్మీ. అది తప్ప ఏదన్న అడుగు. కుక్కర్ కావాల్నా?"

నాకు కుక్కర్ వద్దన్నాను. (ఈ ఒక్క ముక్కా అమ్మకు చెప్పి ఉండాల్సింది కాదు. దుర్భీను పోయినందుకు లేని బాధ ఆమెకు ఈ విషయంలో చాలాకాలం ఉంది.) వచ్చేటప్పుడు డాబా ఎక్కి చూడనిచ్చాడు. బేగం రెక్కలకు దారం కట్టి ఉంది. బోనులో ఒక మూలకు జరిగి, మామూ ఇంటి వైపు మొహం పెట్టి కూర్చుంది. ముందు పోసిన గింజలు పోసినట్టే ఉన్నాయి. సేఠ్ వాటిని వేలితో కెలికి, మేలురకం గింజలేననీ, తానే ఎంచి తెచ్చాననీ, నేను అడక్కుండానే రెండుసార్లు చెప్పాడు.

ఆ పొద్దున చాయ్ హోటల్లో ఇంకో విడ్డూరం జరిగింది. మామూ ఒక బల్ల దగ్గర, సేఠ్ ఇంకో బల్ల దగ్గర, ఒకరికొకరు వీపులు చూపించుకుంటూ కూర్చుని, చెరో నిండు చాయ్ తెప్పించుకున్నారు. ఇద్దరికీ సగం తాగే అలవాటు. సగం దాకా తాగి, మిగిలిన సగం ఏం చేయాలో తోచక, అది చల్లారేదాకా ఇద్దరూ కప్పులోకి చూస్తూ ఉండిపోయారు. హోటల్ వాడికి మాత్రం ఆ గొడవ ఇంకొన్నాళ్లు సాగినా అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు.

చివరికి విషయం ఉస్తాద్ దగ్గరికి వెళ్లింది. పావురాల తగాదాలకు మా వైపు ఆయనే హైకోర్టు. బాగా పెద్ద వయసు, ఒక చెవి వినిపించదు; ఎవరు ఎక్కువ అరిస్తే వాళ్ల వైపు ఆ చెవి తిప్పి కూర్చుంటాడు. అదే హోటల్లో, మధ్యాహ్నం గిరాకీ లేనివేళ విచారణ మొదలైంది. నేను సాక్షినో, ముద్దాయినో, నేరానికి వాడిన ఆయుధం తాలూకు యజమానినో చివరిదాకా తేలలేదు. ఉస్తాద్ చట్టం విప్పాడు. ఈలతో, గింజతో, తోటి పిట్టల్ని ఎగరేసి దింపితే పట్టు చెల్లుతుంది. రాయితో, పటాకాతో బెదిరించి దింపితే చెల్లదు, పిట్టను తిరిగి ఇచ్చేయాలి. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే: పచ్చ లైటు రాయా, ఈలా?

నన్ను చెప్పమన్నారు. నేను కాంతి గురించి, దానికి బరువు లేకపోవడం గురించి, అది తగిలినా తగిలినట్టు తెలియకపోవడం గురించి, దుకాణంలో నేర్చుకున్నదీ నేర్చుకోనిదీ కలిపి చక్కగా ఉపన్యసించాను. ఉస్తాద్ నా వైపు వినిపించని చెవి తిప్పి ఆసాంతం విన్నాడు. తర్వాత, సాయంత్రం లైటు వేసి చూపించమన్నాడు. పిట్టలు బెదిరితే అది రాయి, బేగం మామూది. బెదరకపోతే బేగం సేఠ్‌ది, ఇక ఆ మాట ఎత్తకూడదు.

ఆ సాయంత్రం మామూ డాబా మీద కిక్కిరిసిన జనం. తాళం తీసి నా దుర్భీనును బయటికి తెచ్చారు. దాని మీద ఒక్కరోజులోనే, కిటికీలోంచి దూరిన పావురాలు తమ అభిప్రాయాలు ధారాళంగా వదిలాయి. తుడిచి, బిగించి, సేఠ్ డాబా వైపు తిప్పాను. అక్కడ సేఠ్ పిట్టలు గోడ మీద వరసగా కూర్చుని ఉన్నాయి. వాటి కళ్లకు తగలకుండా, కాళ్ల దగ్గర గోడ మీద పచ్చ చుక్క వేశాను. నా జీవితంలో ఏ గ్రహం కోసమూ అంత ప్రార్థించలేదు: బెదరండి, మీకు పుణ్యముంటుంది, ఒక్కటైనా బెదరండి. చుక్కను అటూ ఇటూ కదిపాను. ఒక పావురం వంగి చూసింది. ఇంకొకటి వచ్చి, గింజేమో అని పొడిచి, రుచి నచ్చక వెనక్కి వెళ్లింది. అంతే.

"మావి దినాం పెళ్లి బారాత్‌ల లైట్లు చూసే పిట్టలు భాయ్," అన్నాడు సేఠ్, ఎవరికీ కాకుండా గాలికి.

మామూ గోడకు చేరగిలబడి, చేతుల్లో ఏమీ లేకపోయినా ఏదో ఉన్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. బేగం పోయింది, దాంతోపాటు నా దుర్భీనూ పోయింది. (నాకు ముందు తోచింది దుర్భీను సంగతే. అబద్ధం ఎందుకు.) ఉస్తాద్ తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకుని, చెప్పేముందు, ఆ గొట్టంలో ఏముందో ఒకసారి చూస్తానన్నాడు. వంగి కన్ను పెట్టాడు. చాలాసేపు లేవలేదు.

"గివన్నీ ఉల్టా ఎందుకున్నయ్ ర?"

అందులో అన్నీ అలాగే కనిపిస్తాయని చెప్పాను. బేగంను కూడా మామూ ఉల్టాగానే చూశాడా అని అడిగాడు. చూశాడన్నాను.

"చూసి ఏం జేసిండు?"

ఉస్తాద్ ఎటు పోతున్నాడో అందరికన్నా ముందు సేఠ్‌కు అర్థమైంది. మామూ ఝండా ఊపి ఉంటే బేగం దారి తప్పి పోయినట్టు కాదు, యజమాని హుకుం మీద ఎగిరినట్టు. హుకుం మీద ఎగిరిన పిట్టను పట్టడం చెల్లదని వాళ్ల చట్టంలో ఇంకో మాట ఉందట. బేగం వెనక్కి రావాల్సిందే. కానీ మగ్రిబ్ దాటాక ఝండా ఊపానని ఒప్పుకోవడమంటే, అంత పేరున్న కబూతర్‌బాజ్ తన ఉస్తాద్ ముందు, గల్లీ జనం ముందు, తనకు ఈ విద్యలో అక్షరం రాదని చెప్పుకోవడమే. సేఠ్ అదే పట్టుకున్నాడు.

"ఇగో ఉస్తాద్, మా భాయ్ చీకటైనంక ఝండా ఊపుతడా? నిన్నమొన్న నేర్చుకున్న పోరగాళ్లు గూడ ఊపరు. గంత మాట అనకుండ్రి."

పొగడ్తో, ఉరితాడో చెప్పడం కష్టం. అందరూ నా వైపు చూశారు. ముందురోజు బేగం ఎగిరిన సమయంలో డాబా మీద మామూతో ఉన్నది నేనొక్కణ్ణే. నేను అవునంటే నా దుర్భీను నాకొస్తుంది, మామూ పరువు పోతుంది. కాదంటే ఆయన పరువు నిలుస్తుంది, బేగం బోనులో గింజలు ముట్టకుండా కూర్చుంటుంది. నాకు దుకాణంలో జనం చెప్పే "రెండూ మంచిగనే ఉన్నయ్" ఒక్కటే తట్టింది, అది అక్కడ పనికొచ్చేది కాదు. నోరు తెరిచాను. ఏం చెప్పబోయానో నాకు ఇప్పటికీ తెలియదు.

"పోరన్ని అడుగుడెందుకు," అన్నాడు మామూ. "ఊపిన. అది చస్తున్నదనుకొని కొత్త పోరగాని లెక్క ఊపిన. నా పిట్ట నాకియ్యి."

ఉస్తాద్ అప్పుడు వినిపించే చెవి ఆయన వైపు తిప్పాడు. ఇంకోసారి చెప్పమనలేదు. సేఠ్ తన మనిషిని పంపకుండా తానే మెట్లు దిగి వెళ్లాడు. గల్లీలోంచి నడుచుకుంటూ, ఎవరు పలకరించినా ఆగకుండా, రెండు చేతుల్లో బేగంను పట్టుకుని వచ్చాడు. దారం అక్కడే విప్పాడు.

"తీస్కో భాయ్. ఒక్క గింజ ముట్టలే. నా ఇంట్ల గింజలు దీనికి ఆనలేదంట," అన్నాడు. ఆ గొంతులో ఓడిన కోపం కన్నా, ఇంటికి పిలిచిన చుట్టం తినకుండా పోయిన బాధ ఎక్కువగా ఉంది.

బేగం మామూ చేతిలోంచి దిగి, డబ్బా దగ్గరికి నడిచి, జనమంతా చూస్తున్నా సరే ఏమాత్రం మొహమాటపడకుండా తిన్నది. మామూ మొహం కడుక్కోవాలని చెప్పి నీళ్ల ట్యాంకు వెనక్కి వెళ్లి, మొహం ఒక్కటి కడుక్కోవడానికి పట్టేదానికన్నా చాలాసేపు అక్కడ ఉన్నాడు. నా దుర్భీను నాకు దక్కింది. తర్వాత కొన్ని వారాలు మామూ గల్లీలో నడుస్తుంటే పిల్లలు వెనక నుంచి చేతిరుమాళ్లు ఊపేవారు. ఆయన తిరిగి చూసేవాడు కాదు. ఒకరోజు మాత్రం నాతో, "ఊపనియ్ బేటా, నా పిట్ట నా ఇంట్ల ఉన్నది," అన్నాడు. తీర్పు మర్నాటి నుంచే పొద్దున చాయ్ మళ్లీ రెండు కప్పుల్లోకి వచ్చింది, హోటల్ వాడు నిట్టూర్చాడు.

ఆ తర్వాత ఆ డాబా మీద నేను చాలా సాయంత్రాలు లేజరు వేశాను. విచారణకొచ్చిన జనంలో సగం మంది అలవాటుపడి వస్తూనే ఉండేవారు. గీత ఆకాశం మీదికి లేస్తే అందరి తలలూ ఒకేసారి అటు తిరిగేవి. "అదిగో, అదే శని," అంటే "ఏదీ," "గదే, గీత కొసకు," "గది కాదురా, దాని పక్కది," అని ఒకరికొకరు చూపించుకునేవారు. మామూ, సేఠ్ మాత్రం వరసలో ముందు ఎవరు చూడాలని దెబ్బలాడుకుని, చూశాక శని చుట్టూ ఉండే ఉంగరం తిన్నగా ఉందా వంకరగా ఉందా అని మళ్లీ దెబ్బలాడుకునేవారు. నా వంతు వచ్చేసరికి శనిగ్రహం మసీదు మినార్ వెనక్కి పోయేది. అప్పటి నాలోని కుర్రాడికి అది మహా విసుగ్గా ఉండేది. వీళ్లెవరూ లేకుండా, ఏకాంతంగా, ఒక్కడినే చూసుకునే రోజు ఎప్పుడొస్తుందా అని పళ్లు నూరుకునేవాడు.

వచ్చింది. ఇప్పుడు నేను నగరానికి అవతలి చివర, చాలా అంతస్తుల పైన ఉంటున్నాను. నా దగ్గర మోటారున్న దుర్భీను ఉంది. ఫోనులో పేరు నొక్కితే చాలు, అదే తిరిగి, అదే వెతికి, అదే పట్టుకుని నిలబడుతుంది. లేజరు అవసరం లేదు. మొన్న సాయంత్రం బాల్కనీలో శనిగ్రహం నొక్కాను. చిన్న చప్పుడు చేసి క్షణంలో తెచ్చి పెట్టింది. ఉంగరాలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, కన్ను తీయకుండానే, "అదిగో, చూడండి," అని పక్కకు జరిగాను. పక్కన వాషింగ్ మెషీన్ ఉంది. బట్టలు పిండుతూ, ఒళ్లంతా ఊగిపోతూ ఉంది. పిలిచాక ఊరికే ఉంటే బాగుండదని, ఉంగరాల గురించి నాలుగు ముక్కలు దానికే చెప్పాను.